‘యీ సాన్’ చూడాలా, ‘ది రెడ్ స్లీవ్’ చూడాలా?

కొరియా చారిత్రక సీరియల్స్ మొదలుపెట్టేవాళ్ళు తరచూ అడిగేది ఇదే. రెండూ ఎంబీసీ ఛానల్‌వే. రెండింట్లోనూ రాజు ఒకడే: 1776 నుంచి 1800 దాకా జొసన్‌ని (అప్పటి కొరియా రాజ్యం) ఏలిన జొంగ్జో. అతను మనసుపడ్డ అమ్మాయీ ఒకతే.

2007లో మొదలైన ‘యీ సాన్’ 77 ఎపిసోడ్లు. ఇది పూర్తిగా రాజు కథ. 1762లో తాత యొంగ్జో సొంత కొడుకుని బియ్యం పెట్టెలో మూసి చంపించాక, మనవడు ప్రాణాలతో సింహాసనం దాకా ఎలా చేరాడన్నదే టెన్షన్. కుట్రలు కావాలంటే దీనికి సాటి లేదు. కానీ ఆస్థాన చిత్రశాలలో పనిచేసే సొంగ్-యొన్‌కి రాజు ప్రేమ వరమే. అడ్డమల్లా ఆమె తక్కువ పుట్టుక, కాబోయే అత్తగారైన రాజు తల్లి. (అసలు చరిత్రలో ఆ పిల్లని చేరదీసి పెంచింది ఆ అత్తగారే!)

2021లో వచ్చిన ‘ది రెడ్ స్లీవ్’ 17 ఎపిసోడ్లే. అంతఃపుర పరిచారికలు వేసుకునే ఎర్ర అంచు చేతుల మీదే ఆ పేరు. అదే అమ్మాయి పేరు ఇక్కడ దొక్-ఇమ్. ఆమెకి రాజంటే ఇష్టం లేక కాదు, రాణివాసంలోకి వెళ్తే తనదంటూ ఏమీ మిగలదని భయం. పుస్తకాలకి నకళ్ళు రాసుకుంటూ, స్నేహితురాళ్ళతో కబుర్లాడుకునే ఆ చిన్న బతుకు ఆమెకి చాలు.

ఆమె రాజుని కాదనడం రచయితల కల్పన కాదు. ఆమె చనిపోయాక జొంగ్జో స్వయంగా రాసిన సమాధి లేఖనంలోనే ఉంది: ఆమె మొదటిసారి కాదంది. ఏళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే మళ్ళీ కాదంది. అప్పుడాయన ఆమె పనివాళ్ళని శిక్షించాడు. ఆ తర్వాతే ఒప్పుకుంది. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా! ఆ ‘సరే’ని ప్రేమ అనాలో లొంగుబాటు అనాలో నాకైతే తేలలేదు. ‘యీ సాన్’ చూస్తున్నంతసేపూ ఆ ప్రశ్నే రాదు.

‘రెడ్ స్లీవ్’ చివరిదాకా దాన్ని వదలదు. 1786లో కొడుకు పోయిన ఏడాదే ఆమె కూడా మంచాన పడుతుంది. ఆఖరి ఘడియల్లో రాజు పక్కనే ఉన్నా ఆమె పిలిపించమన్నది స్నేహితురాళ్ళని. రాజుతోనేమో, వచ్చే జన్మలో నేను కనిపిస్తే ఎరగనట్టు వెళ్ళిపొమ్మంటుంది. నన్ను కాస్తయినా ప్రేమించలేదా అని ఆయన అడిగితే, ఇష్టం లేకపోతే ఎలాగైనా పారిపోయేదాన్ని కదా, ఉండిపోవడం నా నిర్ణయమే అంటుంది.

నా ఓటు దీనికే. ముందు ఇదే చూడండి. కుట్రల ఆకలి ఇంకా తీరకపోతే ఆ 77 ఎపిసోడ్లూ ఎక్కడికీ పోవు.