అంకెలంటే బెదిరేవారికి జమోవి

అనంతపురం జిల్లాలో వేరుశనగ గురించి ఎవరు మాట్లాడినా ‘సగటు దిగుబడి’ అనే మాట వస్తుంది. ఆ సగటును నిలదీసి అడగడం నాకు జమోవి అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్పింది. నేను చదివింది తెలుగు సాహిత్యం. రైతు సంఘం లెక్కలు నా చేతికి వచ్చాక దీన్ని పట్టుకున్నాను. ఉచితం, ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. పునాది ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషే అయినా కోడ్ రాయనక్కర లేదు.

ఎకరాకు 4, 5, 5, 6, 20 బస్తాలని ఒక కాలమ్‌లో కొట్టి ‘డిస్క్రిప్టివ్స్’ ఎంచుకోండి. సగటు 8, మధ్యగతం (వరుసలో పేర్చితే సరిగ్గా నడుమ వచ్చే అంకె) 5. వర్షాన్ని నమ్ముకున్న నలుగురిలో ఒక్కరికీ 8 బస్తాలు రాలేదు! బోరున్న ఒక్క చేను సగటును పైకి లాగేసింది. అంకెలు ఎలా పరచుకున్నాయో పెట్టె బొమ్మలో చూపే బాక్స్ ప్లాట్‌లో ఆ 20 పెట్టెకు దూరంగా ఒంటరి చుక్కై కనిపిస్తుంది. 20ని 7గా మార్చి చూడండి. కుడివైపు పట్టికలో సగటు అప్పటికప్పుడే 5.4కు దిగుతుంది, మధ్యగతం మాత్రం కదలదు. ఈ ఒక్క సౌకర్యానికే చేతులెత్తి మొక్కుతాను.

మొదటి అంకెలకు ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, 6.75 అని చూపిస్తుంది. చేత్తో ఐదుతో భాగించి చేస్తే 6.03 వస్తుంది. కంగారు వద్దు, నమూనా సూత్రం ప్రకారం జమోవి ఒకటి తగ్గించి నాలుగుతో భాగిస్తుంది.

కాలమ్ రకం మాత్రం ముందే సరిచూసుకోండి: ఊరి పేరుకు నామినల్ (పేర్లు మాత్రమే), బస్తాలకు కంటిన్యువస్ (కొలిచే అంకెలు). మా మండలంలోని ప్రతి హైస్కూలు కంప్యూటర్‌లోనూ ఇది ఉండాలని నా కోరిక.