పిడి ఊడదీసి చూడనిదే కెరిస్ కొనకండి

ఇండోనేషియాలోని జావా ద్వీపంలో, యోగ్యకర్త నగరంలో 45 లక్షల రుపియాలు, అంటే మన లెక్కలో సుమారు 24 వేల రూపాయలు, చెల్లించి, జావాను ఏలిన పాత మజాపహిత్ రాజ్యం నాటిదని నమ్మి నేను కొన్న ‘కెరిస్’ అనే బాకు వయస్సు నాలుగైదేళ్లకు మించదని సోలో నగరంలో ఒక పెద్దాయన పది నిమిషాల్లో తేల్చి చెప్పారు. జావా వెళ్లి పాత కత్తి కొనాలనుకునే తెలుగువారు మరొకరు ఇలా నష్టపోకూడదనే ఈ అనుభవం రాస్తున్నాను.

నేను, నా భార్య, మా బావగారు కలిసి వెళ్లాం. విమానాశ్రయంలో దిగగానే తీసుకునే వీసాకు తలా 5 లక్షల రుపియాలు కట్టాం. బొరొబుదుర్, ప్రంబనన్ ఆలయాలకు రెండు రోజులు పట్టింది. బస, భోజనం, ప్రయాణం అన్నీ సాఫీగా సాగాయి.

మూడో రోజు బస చేసిన చోటివారే ఒక పురాతన వస్తువుల దుకాణానికి కారు కుదిర్చారు. దుకాణదారు మాకు అల్లం టీ ఇచ్చి, పసుపు పట్టుగుడ్డలో చుట్టిన కెరిస్‌ను రెండు చేతులతో నుదుటికి తాకించి నా చేతికి అందించాడు. పదమూడు వంపులున్న అలుగు (కత్తి రేకు), దాని మీద వెండిరంగు చారలు. దానితోపాటు బంగారు అంచున్న ఇంగ్లీషు ధ్రువపత్రం, అందులో ‘మజాపహిత్, పద్నాలుగో శతాబ్దం’ అన్న మాటలు. బావగారికి అప్పటికే ఆకలి దంచేస్తోంది. రొయ్యల ముద్ద కలవని పచ్చడి ఎక్కడా దొరకక ఆయన మూడు రోజులుగా చిరాకుగా ఉన్నారు. “తేల్చవయ్యా, కొంటే కొను, లేకపోతే లే” అన్నారు. ఆ తొందరలో నేను చూడవలసినవేవీ చూడలేదు. పెట్టెలో పెట్టిచ్చిన రసీదు ఇండోనేషియా భాషలో ఉంటే, దాన్ని చదివించుకోకుండానే జేబులో పెట్టుకున్నాను.

కెరిస్ మామూలు బాకు కాదు. అలుగు పిడి దగ్గర ఒక పక్కకు వెడల్పుగా సాగి, కొనకు వచ్చేసరికి సన్నబడుతుంది. తిన్ననివీ ఉంటాయి, వంపులవీ ఉంటాయి. ఆ వంపుల సంఖ్య ఎప్పుడూ బేసిగానే ఉంటుంది. ఇనుమును, నికెల్ ఉన్న లోహాన్ని పొరలుగా పేర్చి, కాల్చి, మడిచి, మళ్లీ సాగగొట్టడం వల్ల అలుగు మీద ‘పమోర్’ అనే చారలు తేలతాయి. పాషాణం (ఆర్సెనిక్) కలిపిన నిమ్మరసం పూస్తే ఇనుము నల్లబడుతుంది, నికెల్ వెండిలా మిగులుతుంది. మాది నిజామాబాద్ జిల్లా. మా జిల్లాలోని కోనసముద్రం ఊరి ఉక్కుతో చేసిన కత్తుల మీది చారలు మూసలో కరిగిన ఉక్కు గడ్డకట్టే తీరులోనే పుట్టేవి. జావా కత్తి చారలు సుత్తి దెబ్బలకు పుడతాయి. నన్ను అంత దూరం తీసుకెళ్లింది ఈ తేడాయే.

యోగ్యకర్త నుంచి సోలోకు లోకల్ రైలులో మనిషికి 8,000 రుపియాలే. కారు మాట్లాడుకోవడం డబ్బు దండగ. సోలోలో 3,50,000 రుపియాలకు దొరికిన గది ఈ యాత్ర మొత్తంలోకి మంచి బస. పొద్దున్నే కొబ్బరిపాలతో పోసిన ‘సెరాబి’ అట్లు పెట్టారు. అవి తిన్నాక బావగారి ముఖంలో మొదటిసారి కళ వచ్చింది.

2017లో తెరిచిన అక్కడి కెరిస్ మ్యూజియంలో ఒక పూట గడిపాక నా కత్తి మీద నాకే అనుమానం మొదలైంది. మధ్యాహ్నం త్రివిందు అంగడికి వెళ్లాం. రోజుకు 4 లక్షల రుపియాలకు కుదుర్చుకున్న గైడ్ అమ్మాయి మమ్మల్ని పాత కత్తుల కొట్టులో కూర్చున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నా పెట్టెలోని ధ్రువపత్రాన్ని చదవనైనా చదవకుండా పక్కన పెట్టారు. ఒర తీసి, పిడిని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఊడదీశారు. పిడిలోకి దిగే సన్నని కడ్డీని ‘పెసి’ అంటారు. నా కత్తి పెసి మీద ఆకురాయి గీతలు ఇంకా మెరుస్తున్నాయి. వందల ఏళ్లు పిడిలో ఉన్న ఇనుము తుప్పుతో తరిగి సన్నబడి ఉండాలి. అలుగు మీది గుంటలన్నీ ఒకే లోతులో ఉన్నాయి. ఆమ్లంలో ముంచితేనే అలా వస్తుందట. అలుగు అడుగున విడిగా అమర్చే ‘గంజ’ ముక్కకు, అలుగుకు మధ్య నా గోరు దూరింది. మదురా ద్వీపంలో కొత్తగా చేసిన కత్తి ఇదని ఆయన చెప్పారు. అక్కడి పనివాళ్ల నేర్పును మాత్రం ఆయన తక్కువ చేయలేదు. కొత్తదాన్ని కొత్తదిగా అమ్మితే అందులో తప్పేమీ లేదన్నారు.

తరువాత ఆయన తన పాత కెరిస్‌ను తీశారు. వంపులు లేని తిన్నని అలుగు; దాని మీద ‘బెరాస్ వుతాః’, అంటే ఒలికిన బియ్యం అనే పమోర్. చేతిలోకి తీసుకుంటే నా కత్తి బరువులో సగం కూడా లేనట్టు అనిపించింది. అంచును గోటితో మీటితే సన్నని మోత చాలాసేపు నిలిచింది. నా కత్తిని మీటితే ‘టక్’మని ఆగిపోయింది. ధర అడిగితే ఆయన ధర అనకుండా ‘మహర్’ అన్నారు. మన ముస్లిం మిత్రుల పెళ్లిలో వరుడు వధువుకిచ్చే మహర్ మాటే అది. కెరిస్‌ను కొనడమంటే ఇంటికి మనిషిని తెచ్చుకోవడమేనని వారి భావన. కానీ ఆయన దాన్ని నాకు అమ్మలేదు. యాభై ఏళ్లు దాటి, చారిత్రక విలువ ఉన్న వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించకూడదని 2010 నాటి వారి చట్టం చెబుతోంది. నా కత్తి నిజంగా పాతదే అయినా విమానాశ్రయంలో చిక్కుల్లో పడేవాడిని. నాకు అమ్మిన దుకాణదారు ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు.

గైడ్ అమ్మాయి నా రసీదు చదివింది. అందులో ‘కెరాజినాన్ బారు’ అని ఉంది, అంటే ‘కొత్త హస్తకళా వస్తువు’. ధ్రువపత్రం ఒకటి చెబుతుంటే రసీదు మరొకటి చెబుతోంది. ఆమె దుకాణానికి ఫోన్ చేస్తే, డబ్బు తిరిగివ్వబోమని, కావాలంటే మరో కత్తి మార్చుకోవచ్చని జవాబిచ్చారు. నేను ఒప్పుకోలేదు. మీరు కొనేటప్పుడు మాత్రం డబ్బు ఇవ్వకముందే రసీదును స్థానికులెవరి చేతనైనా చదివించుకోండి. పిడి ఊడదీయనివ్వని కొట్టు నుంచి వెంటనే లేచి వచ్చేయండి.

మరునాడు 6 లక్షల రుపియాలకు కారు మాట్లాడుకొని ‘లావు’ అనే పర్వతం మీది సుకుః ఆలయానికి వెళ్లాం. అక్కడి పదిహేనో శతాబ్దపు రాతిపలక ఒకదాని మీద భీముడు కమ్మరిగా కూర్చుని కత్తి చేస్తుంటే, మధ్యలో గణపతి నిలిచి ఉన్నాడు, అర్జునుడు నిలువు గొట్టాల తిత్తి కొడుతున్నాడు. యాత్ర పొడవునా తొందరపెట్టిన బావగారు ఆ పలక ముందు అరగంట నిలబడిపోయారు. “భీముణ్ణి కమ్మరిగా చూడటం ఇదే మొదలోయ్” అన్నారు.

తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ త్రివిందుకు వెళ్లి నా కత్తిని ఆ పెద్దాయన దగ్గరే వదిలేశాను. కొనడానికి వచ్చే కొత్తవారికి తేడా చూపించడానికి పనికొస్తుందని చెప్పాను. ఆయన రెండు చేతులతో అందుకుని, పిడి తీసి, పెసి పైకి కనబడేలా తన పాత కెరిస్ పక్కనే గుడ్డ మీద పెట్టారు.