పీట్ పొగ పట్టిన మాల్టులు: తొమ్మిదేళ్ళు తాగాక నా ఎంపిక

ముందే చెప్పేస్తాను. బాగా పొగ పట్టిన సింగిల్ మాల్టుల్లో (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో అంటే మాల్టుతో చేసే విస్కీల్లో) ఒకే ఒక్క సీసా కొనగలిగితే ఆర్డ్‌బెగ్ టెన్ కొనండి. రెండు కొనగలిగితే రెండోది లాగవూలిన్ పదహారేళ్ళది. ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు తొమ్మిదేళ్ళు, ఇరవై దాకా సీసాలు పట్టాయి. మధ్యలో అనవసరంగా డబ్బులు తగలేసిన సందర్భాలూ ఉన్నాయి. మీకు అవి తప్పాలనే ఇంత రాస్తున్నా.

మాది కందుకూరు దగ్గర పొగాకు పండించే ఊరు. కోసిన ఆకును బ్యారన్ అనే గదిలో వేడితో ఆరబెడతాం. మొదటి సీసా మా బావమరిది సింగపూర్ నుంచి వస్తూ తెచ్చిన లఫ్రోయిగ్ టెన్. మూత తీయగానే వాడు మొహం అటు తిప్పేసి, "ఏంది బావా, ఇది మందా, ఆసుపత్రా?" అన్నాడు. నిజంగానే టింక్చర్ అయోడిన్, కొత్త బ్యాండేజీ గుడ్డ, వాటి వెనక సముద్రపు నాచు వాసన. మా నాయన మందు ముట్టడు. ఊరికే గ్లాసు అందుకుని వాసన చూసి, "ఇది బ్యారన్‌లో గొట్టం పగిలినప్పుడు వచ్చే వాసనరా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు ఈ మందు మీద ఆసక్తి పట్టుకుంది. మా బ్యారన్‌లో పొయ్యి బయట ఉంటుంది. వేడి ఇనప గొట్టాల్లో తిరుగుతుంది, పొగ బయటికి పోతుంది. ఆకుకి వేడి తగలాలి, పొగ తగలకూడదు. గొట్టానికి చిల్లు పడి పొగ లోపలికి వచ్చిందంటే ఆ ఆకుకి వేలంలో ధర పలకదు. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఐలా అనే దీవి ఉంది (సీసా మీద అక్షరాలు చూస్తే ఇస్లే అనిపిస్తుంది, పలకడం మాత్రం ఐలా). నేనిక్కడ చెప్పే స్కాట్లాండ్ సీసాలన్నీ ఆ దీవివే. అక్కడివాళ్ళు చేసేది సరిగ్గా దీనికి తిరగబడిన పని. నానబెట్టి మొలకెత్తించిన బార్లీని చిల్లుల నేల మీద పరిచి, కింద పీట్ కాల్చి, ఆ పొగను కావాలని గింజకు పట్టిస్తారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, పొదలు కుళ్ళీ కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్న నల్లమట్టి. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. తవ్వి ఎండబెడితే పిడకలా కాలుతుంది. గింజ తడిగా ఉన్నంతసేపే పొగను బాగా పట్టుకుంటుంది, ఆరిపోయాక ఎంత పొగ పెట్టినా పెద్దగా అంటదు. ఈ సంగతి చెప్తే నాయనకి వెంటనే అర్థమైంది. పచ్చి ఆకుకి పొగ తగిలితే ఇక వదలదని ఆయనకు అనుభవమే కదా.

ఇక అందరూ చెప్పే అంకె పీపీఎం. పది లక్షల వంతుల్లో ఫినాల్ అనే పొగ పదార్థాలు ఎన్ని వంతులు ఉన్నాయో చెప్పే లెక్క ఇది. లాగవూలిన్‌కి 35 దాకా, లఫ్రోయిగ్‌కి 40 నుంచి 45, ఆర్డ్‌బెగ్‌కి 50 నుంచి 55, ఆక్టోమోర్‌కి 80 పైన. ఆక్టోమోర్ 8.3 అనే విడుదలకైతే ఏకంగా 309.1. నేనూ మొదటి మూడేళ్ళు ఈ అంకె వెంటే పడ్డాను. పచ్చిమిరపకాయ ఎంత కారంగా ఉంటే అంత గొప్ప అనుకునే కుర్రతనం అది. తర్వాత తెలిసింది, ఆ అంకె బట్టీ పెట్టకముందు మాల్టులో కొలిచిందని. సీసాలో ఉన్న మందులో కొలిచింది కాదు. బట్టీలోనే చాలా భాగం పోతుంది. పీపాలో ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది.

ఈ విషయం నోటికే తెలియాలంటే లాగవూలిన్‌ని, కల్ ఈలా పన్నెండేళ్ళదాన్ని పక్కపక్కన పోసి చూడండి. రెండింటికీ మాల్టు వచ్చేది పోర్ట్ ఎలెన్‌లోని ఒకే చోటు నుంచి. పొగ లెక్క దాదాపు ఒకటే. రెండింట్లోనూ ఆల్కహాల్ 43 శాతమే. అయినా ఒకే పడవలో దిగిన వంజరం చేపని ఒకింట్లో పులుసు పెట్టి ఇంకో ఇంట్లో వేపుడు చేసినంత తేడా. కల్ ఈలాలో బట్టీలు పెద్దవి, వాటిని నిండా నింపరు. ఆవిరి రాగికి ఎక్కువసేపు తగిలి తేలికపడుతుంది. లాగవూలిన్‌లో రెండోసారి మరిగించే బట్టీని నిండుగా నింపి, నిదానంగా నడుపుతారు. పైగా పొగ పదార్థాలు ధార చివర్లో ఎక్కువగా దిగుతాయి. పట్టడం ఎక్కడ ఆపుతారన్నదాన్ని బట్టి కూడా రుచి మారిపోతుంది. అందుకే నేనిప్పుడు పొగ ఎంత అని చూడను. ఏ రకం పొగ, దాని కింద ఏముంది అని చూస్తాను.

లఫ్రోయిగ్‌ది మందుల షాపు పొగ. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో ఇది ఔషధం పేరుతో ఆ దేశంలోకి వెళ్ళిందంటే నమ్మబుద్ధవుతుంది. నేను మూడు సీసాలు పూర్తి చేశాను. మొదటి గుటక అద్భుతం. ఆ అయోడిన్ వెనక మెల్లగా వచ్చే తీపి కోసం ఎదురుచూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. కాకపోతే కొన్ని దేశాలకు 40 శాతంతో, కొన్నిటికి 43 శాతంతో వస్తుంది. 40 శాతం సీసాలో నాలుగు చుక్కలు నీళ్ళు పడితే చాలు, పలచబడిపోతుంది. కొనేముందు ఆ అంకె తప్పకుండా చూడండి.

ఆర్డ్‌బెగ్ టెన్‌ది మసి, బొగ్గు, నిమ్మతొక్క. పొగ అంకె లఫ్రోయిగ్ కన్నా ఎక్కువే, నోట్లో మాత్రం దానికన్నా శుభ్రంగా ఉంటుంది. బట్టీ మెడ దగ్గర ప్యూరిఫయర్ అనే గొట్టం ఒకటి బరువైన ఆవిరిని మళ్ళీ వెనక్కి పంపుతుంది. ఆ తేలికదనం అక్కడిదే. 46 శాతం, చల్లబరిచి వడగట్టడం లేదు. చల్లటి నీళ్ళు కలిపితే కాస్త మబ్బుగా మారొచ్చు. అది కల్తీ కాదు, సహజమైన నూనెలు అందులోనే ఉండనిచ్చారన్నమాట. మొదటిసారి చూసి నాకూ టెన్షన్ పట్టుకుంది. ఈ డిస్టిలరీ 1981లో మూతపడింది. మళ్ళీ కొన్నాళ్ళు నడిచి 1996లో ఆగింది, 1997లో చేతులు మారి నిలబడింది. అది మూతపడే ఉంటే మనం ఎంత కోల్పోయేవాళ్ళమో ప్రతి సీసా తెరిచినప్పుడూ అనుకుంటాను. ఆరు సీసాలు తాగాను, ఒక్కటి కూడా నిరాశపరచలేదు.

లాగవూలిన్ పదహారేళ్ళది వానాకాలపు మందు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, కరెంటు పోయి, ఊరంతా చీకటిగా ఉన్న రాత్రి దాన్ని తాగి చూడండి. కట్టెల పొయ్యి మీద మరిగిన డికాక్షన్, ఎండు ఖర్జూరం, చివర్లో ఉప్పుగాలి. పదహారేళ్ళు పీపాలో ఉండటం వల్ల పొగ తగ్గి, తీపిలో కలిసిపోయింది. అరగంటయినా నోట్లో ఉంటుంది. దీన్ని తొందరగా తాగితే డబ్బులు దండగ.

ఆక్టోమోర్ ఒక్కసారే కొన్నాను. పొగకు గొంతు మండుతుందని భయపడ్డాను కానీ, మీగడలా చిక్కగా, తియ్యగా ఉంది. మంచి మందే. కానీ ఆ ధరకు రెండు ఆర్డ్‌బెగ్‌లు వస్తాయి, నాకైతే ఆ రెండే కావాలి. ఆక్టోమోర్ చేసే బ్రూక్‌లాడీ డిస్టిలరీదే ఇంకోటి ఉంది, పోర్ట్ షార్లెట్ పదేళ్ళది, 50 శాతం, 40 పీపీఎం. బలంగా కావాలనుకునేవాళ్ళకి దాన్నే చెప్తాను.

మన దేశపు సీసాల్ని చిన్నచూపు చూడొద్దు. గోవాలో చేసే పాల్ జాన్ బోల్డ్‌కి ఐలా పీట్‌తోనే పొగ పెడతారు. బెంగళూరు అమృత్ పీటెడ్‌కి పొగ పట్టిన బార్లీ స్కాట్లాండ్ నుంచే వస్తుంది. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా రెండు శాతం ఆవిరైతే, బెంగళూరులో పది శాతం పైనే పోతుంది. అందుకే ఇవి చిన్న వయసులోనే చిక్కబడతాయి. బోల్డ్‌లో తేనె, అల్లం ఘాటు ముందుంటాయి, పొగ వెనక నడుస్తుంది. సముద్రపు వాసన మాత్రం వీటిలో ఆశించొద్దు. పొగ మందుకి కొత్తవాళ్ళయితే వీటితో మొదలుపెట్టడమే మంచిది. నచ్చకపోయినా నష్టం తక్కువ.

మన ఎండల గురించి విడిగా చెప్పాలి. ఒక మంచి సీసాని సగం తాగి అటక మీద పెట్టాను. రోహిణి కార్తె దాటాక తీస్తే బిరడా రెండు ముక్కలైంది, మందులో పొగ సగం ఎగిరిపోయింది. ఆ వారమంతా బాధపడ్డాను. అప్పటి నుంచి బీరువా అడుగు అరలో, చీకట్లో, నిలువుగా పెడుతున్నా. వైన్ సీసాలా పడుకోబెడితే ఘాటుకి బిరడా పాడవుతుంది. సీసాలో మూడో వంతుకి దిగితే రెండు నెలల్లో ముగించండి, లేదా చిన్న సీసాలోకి అంచుదాకా నింపుకోండి. ఇంకో దెబ్బ, ఒక మధ్యవర్తి దగ్గర చవకగా వస్తుందని కొన్నది. సీలు బాగానే ఉంది, మందులో పొగ జాడ లేదు. ఇప్పుడు డ్యూటీ ఫ్రీ, లేదా బిల్లు ఇచ్చే షాపు, ఈ రెండే.

నీళ్ళు కూడా ముఖ్యం. మా బోరు నీళ్ళు ఉప్పు, వాటితో ఏ మాల్టయినా చెడిపోతుంది. క్యాన్ నీళ్ళు, అదీ చెంచాతో. ఐసు వేస్తే వాసన ముడుచుకుపోతుంది. మే నెలలో మాత్రం కల్ ఈలాలో చల్లటి సోడా పోసి తాగుతాను, అది వేరే ఆనందం. నంజుకోవడానికి నెల్లూరు చేపల పులుసు పనికిరాదు. చింతపండు, కారం ముందు ఐలా పొగ నిలవదు. ఉప్పు, మిరియాలు మాత్రమే వేసి కాల్చిన వంజరం, లేదా కొత్తపట్నం నెత్తళ్ళు నూనె లేకుండా వేయించినవి పెట్టుకోండి. ఎండుచేప ఉప్పుకి, ఆర్డ్‌బెగ్ మసికి చుట్టరికం ఉంది.

ఒక మాట మనసులో ఉంది, చెప్పాలి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ నేల పక్కన పెరిగినవాణ్ణి. ఆ పోరాటం ఎందుకు పుట్టిందో మా వీధిలోనే చూశాను. నేను తాగేది వారానికి ఒక్క రోజు, ముప్పై మిల్లీలీటర్లు, అదీ కొలిచి. ఒక సీసా నాకు ఐదారు నెలలు వస్తుంది. రుచి తెలుసుకోవడానికి అంతకన్నా అక్కర్లేదని నా అనుభవం.

సంక్రాంతికి బావమరిది వస్తున్నాడు. ఒక మనిషికి సుంకం లేకుండా రెండు లీటర్లే, కాబట్టి రెండు సీసాలే చెప్పాను. ఆర్డ్‌బెగ్ టెన్ ఒకటి. రెండోది ఈసారికి లాగవూలిన్ కాదు, కల్ ఈలా. బీరువాలో ఉన్న లాగవూలిన్ వచ్చే వానలదాకా వస్తుంది, సోడా కలుపుకునే ఎండాకాలమే ముందు వస్తుంది.