గండికోట: లోయ ఒక్కటే చూసి వెనక్కి మళ్లకండి

గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది బండి దిగీ దిగగానే పెన్నా లోయ అంచుకు పోయి, నాలుగు ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. లోయ చూసి తీరాల్సిందే, అందులో మాట లేదు. కానీ అసలు కోట ఇక్కడ వెలిసిందే ఆ లోయ అండతో. నదివైపు నిట్టనిలువు కొండే గోడ, మిగతా దిక్కుల్లో బురుజులతో ప్రాకారం. శత్రువు లోపలికి రావడం ఎంత కష్టమో, లోపల బంధించినవాడు బయటపడడమూ అంతే కష్టం. అందుకే ముందు కోట, ఆఖర్న లోయ చూడండి.

కడప నుంచి సుమారు 80 కిలోమీటర్లు, జమ్మలమడుగు నుంచి 15. బస్సులు తక్కువ కాబట్టి జమ్మలమడుగులోనే తిరుగు బస్సు టైము కనుక్కోండి, లేదా రానూపోనూ ఆటో మాట్లాడుకోండి. తిండి కూడా అక్కడే కానిస్తే మేలు.

ప్రధాన ద్వారం దగ్గర ఆగి తలుపులు చూడండి. ఏనుగులు తలతో గుద్దకుండా వాటికి ఇనుప మేకులు దిగ్గొట్టారు. లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్న ఊరుంది. ఇళ్ల మధ్య నుంచి ముందుకెళ్తే చార్మినార్ అని పిలిచే పావురాల గోపురం, ఆ దగ్గర్లోనే పాత జైలు కనిపిస్తాయి. చాలామంది జైలును పట్టించుకోకుండా దాటేస్తారు. మందపాటి రాతిగోడల ముందు కాసేపు నిలబడి, చుట్టూ ఉన్న ప్రాకారాన్నీ ఆవలి లోయనీ కలిపి చూస్తే ఇక్కడ కాపలా ఎంత సులువో అర్థమవుతుంది. అయితే ఖైదీల గురించి చెప్పే కథలన్నీ చరిత్ర అనుకోవద్దు. యుద్ధమయ్యాక నెత్తుటి కత్తులు కడిగారని చెప్పే కత్తుల కోనేరు కథ విషయంలోనూ అంతే.

మాధవరాయ గుడి గోపురం, స్తంభాల మీది చెక్కడాలు విజయనగర పనితనానికి మంచి నమూనా. గర్భగుడి మాత్రం ఖాళీ. దగ్గర్లోనే జామియా మసీదు, ధాన్యాగారం. ధాన్యాగారంలోకి వెళ్లి కమాను కప్పును తలెత్తి చూడండి. చీకటిగా ఉంటుంది కాబట్టి సెల్‌ఫోన్ లైటు వేసుకోండి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాక, 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఆయన్ను కలిసింది ఇక్కడే.

ఇక లోయ అంచు. ప్రమాదం అంతా ఇక్కడే. ఈ ఎర్రరాయి క్వార్ట్‌జైట్, పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. అడ్డపొరలకు నిలువు పగుళ్లు తోడై, రాయి విడివిడి దిమ్మెలుగా తెగిపోతుంది. పైనుంచి ఒకే బండలా కనిపించేది కింద ఆనుడు లేకుండా బయటికి పొడుచుకుని ఉండొచ్చు. పగులు కనిపిస్తే దానికి ఇవతలే ఆగండి. రెయిలింగు ఉంటుందని నమ్ముకోవద్దు. వాన పడ్డ రోజు చెప్పులతో అసలే వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. పిల్లల చెయ్యి వదలకండి.

పైన గండికోట రిజర్వాయరు, కింద మైలవరం డ్యామ్ ఉన్నాయి కాబట్టి లోయలో నీటిమట్టం వానల్ని బట్టే కాక వాటిని బట్టి కూడా మారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రాళ్లు కాలిపోతుంటాయి, నీడ కూడా తక్కువే. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, నాలుగు గంటల సమయం పెట్టుకుని పొద్దున్నే బయల్దేరండి.