పాంపే కచేరీ కొత్త మిక్స్: రిక్ రైట్ ఇన్నాళ్లకు వినిపించాడు

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాంపే కచేరీకి సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసిన కొత్త మిక్స్ (పాత రికార్డింగులోని వాద్యాలు, గొంతుల పాళ్లను మళ్లీ కూర్చడం) 2025 మే నెలలో ఆల్బమ్‌గా వచ్చింది. అప్పటి నుంచీ వింటున్నాను. కొత్త మోజు తీరిపోయింది కాబట్టి ఇప్పుడు రాయడం న్యాయం. నా లెక్కలో దీనివల్ల ఎక్కువ బాగుపడింది గిటారిస్టు డేవిడ్ గిల్మర్ కాదు, కీబోర్డుల వెనుక కూర్చున్న రిక్ రైట్.

కచేరీ అన్నానే గాని వినడానికి అక్కడ జనం లేరు. 1971 అక్టోబరులో ఇటలీలోని పాంపే శిథిలాల్లో ఉన్న రోమన్ ఆంఫీథియేటర్‌లో నలుగురూ ఎండలో నిలబడి వాయించారు. దర్శకుడు ఏడ్రియన్ మేబెన్ దాన్ని సినిమాగా చిత్రీకరించాడు. కరెంటు చాలకపోతే ఊళ్లోంచి కేబుల్ లాగారు. అయితే సినిమాలో ఉన్నవన్నీ అక్కడివి కావు. 'ఎకోస్', 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్', 'వన్ ఆఫ్ దీజ్ డేస్' మాత్రమే పాంపేవి. మిగతావి తర్వాత పారిస్ స్టూడియోలో తీసినవి. పాత వీడియో టేపులో, డీవీడీలో ఈ తేడా నా చెవికి ఆనేది కాదు, అన్నీ ఒకే ముద్దగా వినిపించేవి. ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఏది ఆరుబయట వాయించారో, ఏది గదిలో వాయించారో తెలిసిపోతోంది.

విల్సన్‌కు ఈ పని కొత్త కాదు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ అనే రాక్ బృందాల ఆల్బమ్‌లను ఇలాగే తిరిగి మిక్స్ చేసిన చరిత్ర ఉంది. కొత్త వాద్యాలేవీ చేర్చకుండా, అప్పట్లో విడివిడి ట్రాకుల మీద రికార్డయిన డ్రమ్స్, బేస్, ఆర్గాన్, గొంతులను మళ్లీ తూకం వేసి కూర్చడమే ఇందులోని పని. వినడానికి సులువుగానే ఉంది. కానీ ఒక్కదాని పాలు కాస్త పెరిగినా పాట స్వభావమే మారిపోతుంది.

'ఎకోస్' వినండి. మొదట్లో నీటిబొట్టులా పడే ఆ పియానో స్వరం ఇప్పుడు పడ్డాక కూడా కాసేపు గాలిలో నిలుస్తోంది. గిల్మర్, రైట్ కలిసి పాడే చోట రైట్ గొంతు ఇదివరకు గిల్మర్ నీడలో ఉండేది. ఇప్పుడు రెండు గొంతులూ పక్కపక్కన నడుస్తాయి. గిటారు విజృంభించినప్పుడు కూడా దాని అడుగున ఆర్గాన్ ఏం చేస్తోందో పట్టుకోగలుగుతున్నాం. 'సాసర్‌ఫుల్'లో రైట్ పియానోను మోది మోది వదిలే భాగం పాత టేపులో వట్టి రొద. ఆ రొదకూ ఒక పద్ధతి ఉందని ఈ మిక్స్ చూపించింది. చివర ఆర్గాన్ మీద గిల్మర్ మాటల్లేని ఆలాపన తీస్తాడు చూడండి, ఈ ఆల్బమ్ మొత్తంలో నేను పదేపదే వెనక్కి వెళ్లి వినేది దాన్నే. రైట్ 2008లో పోయాడు. ఆయన బతికుండగా ఇది వచ్చి ఉంటే బాగుండేది.

రోజర్ వాటర్స్ వాయించే బేస్ గిటారు బాగా బలపడింది. 'వన్ ఆఫ్ దీజ్ డేస్'కి చిన్న స్పీకర్లు సరిపోవు, మంచి హెడ్‌ఫోన్లు ఉంటే పెట్టుకోండి. తెర మీద మాత్రం ఆ పాటంతా దాదాపు డ్రమ్మర్ నిక్ మేసనే. మిగతా వాళ్లను తీసిన రీళ్లు పోయాయి మరి. మధ్యలో చేతిలోంచి డ్రమ్ కర్ర జారిపోతే తాళం తప్పకుండా ఇంకొకటి అందుకుంటాడు. బొమ్మ శుభ్రపడ్డాక అది చూడటం ఇంకా సరదాగా ఉంది. కుక్క ఊళ పెట్టే 'మద్‌మజేల్ నాబ్స్' కూడా ఇందులో ఉంది. మా ఇంట్లో పిల్లలు అడిగేది అదొక్కటే.

ఫిర్యాదులూ ఉన్నాయి. 'ఎకోస్'ను సినిమాలో లాగే రెండు ముక్కలుగా కోసి ఆల్బమ్ మొదట ఒకటి, చివర ఒకటి పెట్టారు. సినిమాకు అది అందం, ఆల్బమ్‌కు కాదు. నేను రెండు ముక్కలనూ వరుసగా పెట్టుకుని వింటాను. రెండోది, ఇంత శుభ్రత కొన్నిచోట్ల నాకు మరీ ఎక్కువనిపించింది. పారిస్‌లో రికార్డయిన 'కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్, యూజీన్'లో వాటర్స్ కేక పాత టేపు మసకలోంచి వస్తేనే ఎక్కువ భయపెట్టేది.

కొనేవారికి ఒక మాట. బ్లూరేలో డాల్బీ అట్మాస్ (చుట్టూరా, పైనుంచీ శబ్దం వినిపించే పద్ధతి) ఉంది గాని, దానికి తగ్గ స్పీకర్లు లేకపోతే స్టీరియో చాలు. నేను ఎక్కువగా వింటున్నదీ అదే. రెండు సీడీల సెట్ తీసుకుంటే కత్తిరించని 'సాసర్‌ఫుల్' అదనంగా దొరుకుతుంది. ముందు అదే వినండి.