ఆగుంబె అడవికి రంగులు మేలా, నలుపు తెలుపు మేలా?

ఆగుంబెలో ముసురు పట్టిందంటే తెల్లారిందో లేదో గడియారం చూసి తెలుసుకోవాల్సిందే. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో, పడమటి కనుమల అంచున ఉన్న చిన్న ఊరది. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మొదటిసారి జులైలో వెళ్ళి మూడు రోజులూ రంగుల్లోనే తీశాను. ఇంటికొచ్చి ఫోటోలు తెరిస్తే ప్రాణం ఉసూరుమంది. అక్కడ నిలబడ్డప్పుడు ఒక మాను వెనక ఇంకో మాను, దాని వెనక తీగలు, ఆ వెనక మబ్బు, పొరలు పొరలుగా కనిపించింది. ఫోటోలో మాత్రం ఒకటే పచ్చటి గోడ.

అప్పటి నుంచి ఒకే చెట్టును రెండు విధాలుగా ప్రింటు తీసి, పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. అడవిని అడవిగా, దాని లోతుతో సహా చూపించాలంటే నలుపు తెలుపే మేలు, అదీ మబ్బు దిగినప్పుడే. అడవిలో ఉండే ప్రాణుల్ని, చిగుళ్ళను, పూలను తీసేటప్పుడు రంగుకు సాటి లేదు.

వర్షారణ్యంలో రంగు ఎందుకు ఓడిపోతుందంటే, అక్కడ ఉన్నది ఒక్క రంగే. ఎరుపు పక్కన పచ్చ ఉంటే రెండూ విడివిడిగా తెలుస్తాయి, పచ్చ పక్కన పచ్చ ఉంటే ఏది దగ్గరో ఏది దూరమో ఎలా తెలుస్తుంది? పైగా ఆకుల్లోంచి వడగట్టుకుని దిగే వెలుగే పచ్చగా ఉంటుంది. మాను బెరడు, రాయి, మనిషి మొహం, అన్నిటికీ పసరు పూసినట్టవుతుంది. వెలుగు రంగును సరిదిద్దే వైట్ బ్యాలెన్స్ ఎంత సరిచేసినా ఎక్కడో ఒకచోట ఆ పసరు మిగిలే ఉంటుంది. రంగు తీసేస్తే ఈ బాధ ఒక్క దెబ్బతో వదులుతుంది. అప్పుడు మాను వంపు, బెరడు గరుకు, తడి మెరుపు పైకి తేలుతాయి.

నేను బస చేసే ఇంటి వెనక ఒక పెద్ద మర్రిజాతి చెట్టుంది. వేరే చెట్టును చుట్టుకుని పెరిగి, చివరికి దాన్నే మింగేసింది. రంగు ఫోటోలో అదొక ఆకుపచ్చ ముద్ద. నలుపు తెలుపులో చూస్తే ఊడలు తాళ్ళు పేనినట్టు ఒకదాని మీదుగా ఒకటి పాకుతూ, మధ్యలో చచ్చిపోయిన చెట్టు తాలూకు బోలు చీకటిగా, ఊడల మీద పెరిగిన లైకెన్ మచ్చలు తెల్లగా రూపాయి బిళ్ళలు అంటించినట్టు కనిపిస్తాయి. ఆ ఇంటావిడకు రెండు ప్రింట్లూ ఇచ్చాను. రోజూ ఆ చెట్టు పక్కనుంచే నీళ్ళకు వెళ్ళే మనిషి, రంగు ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి ఊరుకుంది. రెండోదాన్ని చూడగానే కొమ్మ విరిగిన చోటు మీద వేలు పెట్టి, అది ఏ వానలో విరిగిందో చెప్పుకొచ్చింది.

ఇక రంగు గెలిచే చోట్లు. నాగకేసరం చెట్టు కొత్త చిగురు వేసిందంటే కొమ్మల చివర మంట అంటుకున్నట్టు ఎర్రగా ఉంటుంది. దాన్ని బూడిదరంగులోకి మార్చడం ఆ చెట్టుకు అన్యాయం చెయ్యడమే. మలబారు పిట్ వైపర్ అనే పాము ఆకుపచ్చలో, పసుపులో, గోధుమరంగులో దొరుకుతుంది. ఆ తేడాయే ఫోటోకు కారణమైనప్పుడు దాన్ని తుడిచేసి ఏం ప్రయోజనం? పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో పెట్టిన వర్షారణ్య పరిశోధనా కేంద్రం ఇక్కడుంది. గిరినాగుల మీద అక్కడ చాలా పని జరిగింది. ఆగుంబె వచ్చేవాళ్ళలో ఎందరో పాముల కోసం, కప్పల కోసం వస్తారు. వాళ్ళు నలుపు తెలుపు జోలికి పోనక్కర్లేదు.

ఎండా, మబ్బా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఇలాంటి దట్టమైన అడవిలో పైన పడే వెలుగులో నేలదాకా చేరేది నూటికి ఒకటి రెండు వంతులే. ఎండ కాస్తే అక్కడక్కడ సూదుల్లా దిగే కిరణాలు, మిగతాదంతా చీకటి. ఏ కెమెరా ఆ రెండిటినీ కలిపి పట్టలేదు. నలుపు తెలుపులో అయితే నేలంతా సున్నం చల్లినట్టుంటుంది. అదే మబ్బు చెట్ల మధ్యకు దిగిందనుకోండి, దగ్గరి మాను నల్లగా, తర్వాతిది బూడిదగా, ఆపైది ఇంకా పలచగా, చివరిది తెల్లదనంలో కరిగిపోయి కనిపిస్తుంది. దూరమంతా మబ్బే కొలిచి ఇస్తుంది. మారేడుమిల్లి వైపు టేకు, వెదురు అడవుల్లో ఈ ఇబ్బంది అంతగా ఉండదు. వేసవిలో ఆకు రాలి, కొమ్మలు ఆకాశం మీద గీతల్లా నిలుస్తాయి. బ్రెజిల్ ఫోటోగ్రాఫర్ సెబాస్టియావ్ సల్గాదో అమెజాన్‌ను నలుపు తెలుపులోనే చూపించారు. ఆయన ఫోటోల్లో అడవి మీద నిలిచిన మేఘాలు, మెరిసే నదులు ఎంత పని చేస్తాయో గమనించండి. చెట్ల కింద నిలబడ్డ మనకు ఆ ఆకాశం లేదు, మబ్బు తెల్లదనంతోనే సర్దుకోవాలి.

సరే, నలుపు తెలుపే అనుకున్నాక దేనితో తీయాలి? చాలామందికి మామూలు రంగు కెమెరా, రా ఫైలు (కెమెరా పట్టిందంతా మార్చకుండా దాచే ఫైలు) చాలు. ఒక్క కిటుకు మాత్రం గుర్తుంచుకోండి. కంప్యూటర్లో ఆకుల్ని తేటగా చెయ్యాలని అందరూ గ్రీన్ స్లైడర్ (పచ్చరంగు ఎంత తేలికగా రావాలో చెప్పే మీట) జరుపుతారు, పెద్ద తేడా రాదు. ఆకు రంగులో పసుపు పాలే ఎక్కువ. యెల్లో స్లైడర్ జరపండి, కాండం నుంచి ఆకు విడిపోయి కనిపిస్తుంది.

లెన్సు ముందు పెట్టి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ వాడకం కూడా రెండిటికీ వేరు. రంగుల్లో తీసేటప్పుడు తడి ఆకు మీది తెల్లటి మెరుపును అది తీసేస్తుంది, పచ్చదనం నిండుగా వస్తుంది, తప్పనిసరిగా వాడాలి. నలుపు తెలుపులో ఆ మెరుపే ఆకు అంచును గీసి చూపిస్తుంది. పూర్తిగా తిప్పితే ఫోటో చచ్చిపోతుంది. నేను సగమే తిప్పుతాను, లేదా తీసేస్తాను. తీసేస్తే స్టాపున్నర నుంచి రెండు స్టాపుల వెలుగు కూడా కలిసొస్తుంది (ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు).

లైకా 2012లో, పెంటాక్స్ 2023లో నలుపు తెలుపు మాత్రమే తీసే డిజిటల్ కెమెరాలు తెచ్చాయి. సెన్సర్ మీద రంగుల జల్లెడ ఉండదు కాబట్టి చీకట్లోనూ ఫోటో శుభ్రంగా వస్తుంది. కానీ లెన్సు ముందు ఏ రంగు ఫిల్టర్ పెట్టాలన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఎరుపు పెడితే ఆకులు నల్లబడతాయి, ఆకుపచ్చ పెడితే తేలికవుతాయి, తర్వాత మార్చలేం. అంత ధర పెట్టి కొని వానలో తడపడానికి నాకైతే చెయ్యి రాదు.

ఫిల్ము మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు ఫిల్ము బాగుంటుంది. అయితే ఎక్కువసేపు వెలుగు పడితే ఫిల్ము మందగిస్తుంది కాబట్టి, చీకటి అడవిలో వెలుగు కొలిచే మీటరు 8 సెకన్లు చూపిస్తే 15 సెకన్లు ఇవ్వాలి, ఆలోగా గాలికి ఆకు కదలకూడదు. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ కిరణాలతో కూడా తీసి చూశాను. ఆకులు ఆ కిరణాల్ని బాగా వెనక్కి కొట్టి మంచులా తెల్లబడతాయి. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ వాన అడవిలోని ఆ చీకటి, ఆ చెమ్మ అందులో ఉండవు.

ఏ కెమెరా అయినా సరే, మబ్బులో మీటరు చెప్పింది వినకండి. తెల్లటి మబ్బును అది బూడిదరంగు చేసేస్తుంది. ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువివ్వండి, వెలుగు నీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు కుడి గోడను తాకకుండా చూసుకోండి. ఏసీ గదిలో రాత్రంతా పెట్టిన కెమెరాను తెల్లారి బయటికి తీయగానే లెన్సుకు ఆవిరి పడుతుంది. అది పోయేసరికి మబ్బు లేచిపోవచ్చు, అందుకని రాత్రే సంచిని వరండాలో ఉంచండి.