పాత వ్యాన్ కొంటున్నారా? వంతెన ఎక్కించి చూడకుండా డబ్బు కట్టకండి

భీమవరం, పాలకొల్లు, ఆకివీడు వైపు సెకండ్ హ్యాండ్ గూడ్స్ వ్యాన్ చూస్తున్నవాళ్లు బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. రొయ్యల చెరువుల మీద తిరిగిన డీజిల్ బండి అయితే మరీ ముఖ్యం.

మాది రాజోలు దగ్గర కొబ్బరికాయల వ్యాపారం. అంబాజీపేట మార్కెట్‌కి సరుకు తోలుకోవడానికి భీమవరం వైపు ఒక పాత బళ్ల వ్యాపారి దగ్గర వ్యాన్ తీసుకున్నాం. తెలిసిన మెకానిక్‌ని వెంట పెట్టుకునే వెళ్లాం. పొగ లేదు, ఆయిల్ కొత్తది, సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. ఖాళీ బండిని కాలువ గట్టు రోడ్డు మీద తిప్పితే టెంపరేచర్ ముల్లు అసలు కదల్లేదు. "సింగిల్ ఓనర్ బండండి, చెరువులకి మేత తోలిందంతే, బరువు మోసింది లేదు" అన్నాడు వ్యాపారి. ఆయ్, మేత బస్తాలకి బరువుండదు కాబోలు!

కాయల లోడుతో చించినాడ వంతెన ఎక్కేటప్పుడు అసలు సంగతి తెలిసింది. సగం ఎక్కేసరికి పికప్ పడిపోయింది, సీటు కింద నుంచి ఆవిరి కొట్టింది. ముల్లు మాత్రం అప్పటికీ కింద గీత మీదే ఉంది.

ఇంజిన్ విప్పించాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. టెంపరేచర్ సెన్సర్ వైరు కోసి, కొస మీద నల్ల టేపు చుట్టి మిగతా వైర్లలోకి దోపేశారు. ఇంజిన్ వేడిని బట్టి నీళ్లని వదిలే థర్మోస్టాట్ పీకేశారు, ఖాళీ గూడు మీద మూత బిగించారు. రేడియేటర్ అడుగున గోధుమరంగు బురద, లీకులు తాత్కాలికంగా మూయడానికి పోసే పొడి అది. ఇంజిన్ పైభాగానికి (దాన్నే హెడ్డు అంటారు), కింది బ్లాకుకి మధ్య నీళ్లు, ఆయిల్ కలవకుండా వేసే హెడ్ గ్యాస్‌కెట్ కాలిపోయి ఉంది. హెడ్డులో నీళ్లు తిరిగే దారుల్లో తెల్లటి పెచ్చు కట్టి, దాని కింద అల్యూమినియం గుంటలు పడింది. హెడ్డు వంగింది కూడా.

ఆ తెల్ల పెచ్చుకి కారణం ఉప్పునీళ్లు. సముద్రం వైపు మండలాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి, చెరువు నీళ్ల సంగతి సరేసరి. రేడియేటర్‌కని అమ్మే కూలెంట్ ద్రవానికి డబ్బులెందుకని డ్రైవర్లు దగ్గర్లో ఏ నీళ్లుంటే అవి రేడియేటర్‌లో పోసేస్తారు. ఆ ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది, దారులు పూడుకుపోతాయి, ఇంజిన్ వేడెక్కుతుంది, వేడికి హెడ్డు వంగి గ్యాస్‌కెట్ పోతుంది. రొయ్యల ట్రేల నుంచి కారే నీళ్లతో ఛాసిస్ ఎలాగూ తుప్పు పడుతుంది. దాని మీద నల్ల పెయింట్ కొడితే ఎవరికీ కనబడదు.

మనది బల్లపరుపు నేల. ఖాళీ బండిని ఆ రోడ్ల మీద రెండు మూడు కిలోమీటర్లు తిప్పితే చచ్చిన ఇంజిన్ కూడా బాగానే నడుస్తుంది. ఎత్తు అంటూ ఉంటే మనకి వంతెనలే. చించినాడ గానీ, సిద్ధాంతం గానీ, రావులపాలెం గానీ, యానాం–ఎదుర్లంక గానీ, మీకు దగ్గర్లో ఉన్నది చూసుకోండి. నాలుగు బస్తాలు వేసి, మనుషుల్ని ఎక్కించి వంతెన ఎక్కించమనండి. "లోడు వేస్తే ఇన్సూరెన్స్ ఒప్పుకోదండి" లాంటి కబుర్లు మొదలెడితే అక్కడితో బేరం ఆపేయండి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, వస్తున్నామని గంట ముందు ఫోన్ చేయకండి. వెళ్లగానే బానెట్ మీద, సీటు కింద ఉండే ఇంజిన్ అయితే దాని మూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది, అది మాత్రం మర్చిపోకండి. మూత తీసి స్టార్ట్ చేయించి, కాసేపు ఎక్సిలేటర్ ఇప్పించండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాస్‌కెట్ అనుమానమే. ఆయిల్ పోసే మూత అడుగున పాలు ఎక్కువైన కాఫీలాంటి జిగురు ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టే. ముల్లు సంగతి అన్నిటికంటే సులువు. బండి నడుస్తున్న కొద్దీ అది నెమ్మదిగా మధ్యకి రావాలి. కింద గీత దాటలేదంటే ఇంజిన్ చల్లగా ఉందని సంతోషించకండి, వైరో థర్మోస్టాటో లేదని అర్థం.

వరదలో మునిగిన బళ్లు ఇంకో రకం. 2022 జులై గోదావరి వరద తర్వాత లంకల వైపు అలాంటివి నేనే చూశాను. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద చార కనిపిస్తుంది, ఫ్యూజ్ బాక్స్ మూలల్లో ఒండ్రు ఉంటుంది. పాత ఇన్సూరెన్స్ పాలసీ కాపీ కూడా అడగండి. ఫుల్ పాలసీ ఉన్న ఐదారేళ్ల బండికి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా అని ఉంటే, క్లెయిమ్ ఏదైనా చేశారా, ఎందుకు సున్నా అయ్యిందో చెప్పాల్సింది వాళ్లే.

కాగితాల విషయానికొస్తే, ఫైనాన్స్ తీరిందా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటిదాకా ఉంది అనేవి ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కనిపిస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ల వ్యాపారులకి రవాణా శాఖ ఇచ్చే అధికార పత్రం, అంటే ఫారం 29బి, ఉండాలి. అడిగి చూడండి, చాలామంది మొహం పక్కకి తిప్పుతారు. డబ్బు షాపు పేరు మీదే బ్యాంకులో వేసి రసీదు తీసుకోండి. పాత ఓనర్‌కి నగదు ఇమ్మంటే ఒప్పుకోకండి, రేపు గొడవొస్తే "నేను మధ్యవర్తినే" అని వ్యాపారి తప్పుకుంటాడు.

మాకూ అదే మాట చెప్పబోయాడు గానీ రసీదు షాపు పేరు మీదే ఉంది. "వ్యాపారానికి కొన్న బండికి వినియోగదారుల కమిషన్‌లో కేసు చెల్లదు" అని భయపెట్టాడు కూడా. కానీ బతుకుతెరువు కోసం స్వయం ఉపాధికి కొనుక్కున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకి వస్తుంది. మనం ఉండే జిల్లాలోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మెకానిక్ దగ్గర రాతపూర్వకంగా రిపోర్టు తీసుకుని, కోసిన వైరుకి, పెచ్చు కట్టిన హెడ్డుకి ఫొటోలు తీసి, లాయర్ చేత నోటీసు పంపించాం. ఇప్పుడు రిపేరు బిల్లులో సగం ఇస్తానంటున్నాడు. బిల్లు బండి ధరలో మూడో వంతు దాకా అయ్యింది. సగానికి మేం ఒప్పుకోలేదు.